ఉల్లిగడ్డ వంతు వచ్చేదాకా

మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేను నిమిషాలకు నేను పచ్చి కీర ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఆపరేషన్ అయి అది అరవై మూడో రోజు. టైము ఎందుకు గుర్తుందంటే, మా ఆయన గోడ గడియారం వైపు చూసి పైకే చెప్పాడు. ఒకటీ యాభైకల్లా ఆయన సైకిలెక్కి మళ్లీ కార్ఖానాకు పోవాలి.

ముక్క గోరంత ఉంది. చెక్కు తీసింది, గింజలు గీకింది ఆయనే. కొన కోసి, ఆ కొనతోనే నురగ వచ్చేదాకా రుద్ది, చేదు ఉందేమోనని ముందు తను కొరికి చూశాడు. తర్వాత నా ఎదురుగా కింద కూర్చుని స్టీలు పళ్లెం అంచు మీద వేలితో కొడుతూ లెక్క మొదలుపెట్టాడు.

"ఒకటి. రెండు. మూడు. మెల్లగ, మెల్లగ. రైలేం పోతలేదు."

ముప్పైసార్లు నమలాలి. మధ్యలో మాట్లాడకూడదు, నీళ్లు తాగకూడదు. ఆయన ఇరవై నాలుగు దాకా తెలుగులో వచ్చి, అలవాటు కొద్దీ హిందీలోకి మళ్లి "పచ్చీస్, ఛబ్బీస్" అన్నాడు. అక్కడ ఆగిపోయాడు.

"మర్చిపోయిన. మళ్ల మొదటి నుంచి."

నేను తల అడ్డంగా ఊపి మింగేశాను. ఇద్దరం కాసేపు నా కడుపు వైపు చూస్తూ కూర్చున్నాం. ఏమీ కాలేదు. గోడ అవతల నుంచి పక్కింటామె అడిగింది: "మాస్టరూ, ఛబ్బీస్ కాడ ఆగిన్రేంది? తిన్నదా లేదా?"

"తిన్నది! కీర!" అని ఆయన అరిచాడు. ఆయన ఏం చెప్పినా అరిచినట్టే ఉండేది.

మేం సూరత్‌లో, పాండేసర దగ్గర వడోద్‌లో ఉంటాం. నేను తెలుగు మీడియం స్కూల్లో టీచర్ని. ఆయన పదిహేడేళ్ల వయసులో కరీంనగర్ దిక్కు నుంచి సూరత్ వచ్చి సాంచల మీద చేరాడు. సాంచలంటే బట్ట నేసే మరమగ్గాలు. తర్వాత మాస్టర్ అయ్యాడు, అంటే ఆగిపోయిన సాంచను బాగుచేసేవాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ చప్పుడులో ఉండి చెవులు సగం పోయాయి. అందుకే మా ఇంట్లో ఏం వండుకున్నామో, ఏం తిన్నామో గల్లీలో అందరికీ తెలిసేది.

నా ఒంటి బరువు గురించి పెద్దగా చెప్పను. షుగరు, మోకాళ్లు. రెండో అంతస్తులో ఉన్న క్లాసుకు ఎక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఆగేదాన్ని. పిల్లలు నన్ను దాటిపోకుండా నా వెనక మెట్టుమెట్టుకూ నిలబడేవాళ్లు. వాళ్ల మర్యాద నాకు కష్టంగా ఉండేది. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ ఉందని డాక్టర్ చెప్పాడు. మా ఆయన ఒప్పుకోలేదు.

"నడుస్తున్న సాంచను ఇప్పద్దు. ఇప్పితే మళ్ల అట్లనే కూసుంటదన్న గ్యారంటీ లేదు" అన్నాడు.

"నడవడం లేదు కదా" అన్నాను.

ఆయన నా మోకాళ్ల వైపు చూశాడు. మర్నాడు తనే ఆస్పత్రికి పోయి ఆపరేషన్‌కు తారీఖు రాయించుకొచ్చాడు.

ఆపరేషన్ రోజు పొద్దున నన్ను లోపలికి తీసుకుపోయే ముందు మంచం పక్కన నడుస్తూ చెప్పాడు: "నువ్వు పచ్చి ఉల్లిగడ్డ నమిలి, మింగి, అరిగించుకునేదాక నేను దాన్ని ముట్ట. పోచమ్మకు మొక్కిన."

"ఇదేం మొక్కు? కోడిని మొక్కుకోరాదా?"

"కోడిని మొక్కితే నేను గూడ తింట గదా. అది మొక్కెట్లయితది?"

పక్కనున్న నర్సు గుజరాతీ అమ్మాయి. ఆమెకు తెలుగు రాదు. మేం నవ్వుతుంటే తనూ నవ్వింది.

ఆయనకు పచ్చి ఉల్లిగడ్డ అంటే ఏమిటో చెప్పాలి. అది లేకుండా ఆయన అన్నం తినడం నేను చూడలేదు. జొన్నరొట్టెలోకైనా, పప్పులోకైనా, చివరికి పెరుగన్నంలోకైనా ఉల్లిగడ్డ ఉండాల్సిందే. కత్తిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. గడ్డను నేల మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. అది నాలుగుగా పగిలేది. పొరలు తను తీసుకుని, లోపలి చిన్న మొగ్గ నా పళ్లెంలో వేసేవాడు. అక్కడ ఘాటు తక్కువ, కొంచెం తీపి ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు. దాని గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు డైటీషియన్ ఒక కాగితం ఇచ్చింది. మొదట నీళ్లలాంటివి, తర్వాత మెత్తగా రుబ్బినవి, తర్వాత మెత్తగా ఉడికినవి. రెండు నెలలు దాటాక పచ్చివి, ఒక్కొక్కటిగా. ఒక కొత్త కూరగాయ తిన్నాక మూడు రోజులు ఆగి చూడాలి. ఆయన ఆ అమ్మాయిని తనకొచ్చిన హిందీలో అడిగాడు: "మేడమ్, కాందా కబ్ ఖాయేగీ?"

"కాందా? సబ్‌సే లాస్ట్ మే, కాకా."

కాందా అంటే ఉల్లిగడ్డే. అన్నిటికంటే చివర. ఆయన ఆ మాట విని తల ఊపాడు. ఇంటికొచ్చాక నా చేత ఆ కాగితమంతా తెలుగులో రాయించి ఫ్రిజ్ మీద అతికించాడు. కీర, టమాట, క్యారెట్, ముల్లంగి, క్యాబేజీ. అన్నిటి కింద ఉల్లిగడ్డ. దాని చుట్టూ బాల్‌పెన్నుతో తనే ఒక గుండ్రటి గీత గీశాడు.

మా పెళ్లయి అప్పటికి ఇరవై ఆరేళ్లు. ఆ ఇరవై ఆరేళ్లలో మేం పగటి భోజనం కలిసి చేసింది చాలా తక్కువ. ఆయన పొద్దున ఏడింటికల్లా కార్ఖానాలో ఉండాలి. టిఫిన్ డబ్బా పట్టుకుపోయి సాంచల మధ్యే తినేవాడు. రాత్రి ఏడున్నరకు వచ్చి, స్నానం చేసి, తింటూనే కళ్లు మూసుకునేవాడు. ఆదివారం కూడా ఏదో ఒక సాంచ ఆగిపోయేది, పిలుపు వచ్చేది. పిల్లలు లేని ఇల్లు. నా స్కూలు పొద్దుటి పూటే. నేను మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, పళ్లెం ముందు పుస్తకం పెట్టుకుని తినేదాన్ని. చదువుతూ తినడం వల్లే లావయ్యానని ఆయన అనేవాడు. అందులో నిజం లేకపోలేదు.

ఆపరేషన్ అయ్యాక ఆయన మధ్యాహ్నం ఇంటికి రావడం మొదలుపెట్టాడు. నేను సెలవు ముగించి స్కూలుకు పోతున్నా అది మానలేదు. ఒంటిగంటకు సైకిలెక్కితే పది నిమిషాల్లో వచ్చేవాడు. తల మీద, కనుబొమల మీద దారపు పీచు ఉండేది. చేతులు కడుక్కుని నేరుగా కత్తిపీట దగ్గర కూర్చునేవాడు. నలభై నిమిషాలు. అందులో పది నిమిషాలు నా ముక్కలకు, పది నిమిషాలు తన అన్నానికి. మిగిలిన ఇరవై నిమిషాలు ఊరికే.

నమిలేటప్పుడు నేను మాట్లాడకూడదు కాబట్టి మాటలన్నీ ఆయనవే. ఏ సాంచ ఏం పేచీ పెట్టిందో, కొత్తగా వచ్చిన ఒరియా కార్మికుడు ఏమన్నాడో, చిన్నప్పుడు తను నూతిలో పడితే ఎవరు తీశారో చెప్పేవాడు. అన్నేళ్లలో నాకు చెప్పని సంగతులు. నేను ముప్పై లెక్కలో ఉంటూ వినేదాన్ని.

అంతా సాఫీగా జరగలేదు. టమాట రోజున తొక్క తీయడం మర్చిపోయాం. మింగిన కాసేపటికి రొమ్ము కింద ఎవరో పిడికిలి బిగించినట్టయింది. నోటినిండా నురగ. ఆయన ఆ పూట కార్ఖానాకు పోలేదు. నా వీపు రాస్తూ కూర్చుని, నొప్పి తగ్గాక, ఫ్రిజ్ మీది కాగితంలో టమాట పక్కన "తోలు" అని రాశాడు. రాత చదవడానికి కష్టంగా ఉండేది, నాలుగో తరగతితో ఆగిన రాత.

"ఉల్లిగడ్డకు తొందరేం లేదు. సంవత్సరమైన పర్వలేదు" అన్నాడు.

"నువ్వు ఉంటావా అప్పటిదాకా?" అన్నాను. ఉల్లిగడ్డ తినకుండా ఉండగలవా అని నా ప్రశ్న.

"ఉండక? మొక్కంటె మొక్కే."

ఆయన నాలుక చచ్చిపోయిందని నాకు తెలుసు. పచ్చిమిరపకాయ కొరికి చూసేవాడు, ముల్లంగి కొరికేవాడు, సగం తిని పక్కన పెట్టేవాడు. ఒకరోజు బజారు నుంచి చిన్న ఎర్ర ఉల్లిగడ్డ ఒకటి విడిగా తెచ్చి కిటికీలో పెట్టాడు.

"ఇది నీది. వంతు వచ్చిన్నాడు ఇదే కొడుత."

ఆపరేషన్ అయిన పదహారో వారంలో, ఒక శనివారం, స్కూల్లో తోటి టీచరమ్మ పుట్టినరోజని అందరికీ లోచో తెప్పించింది. సూరత్‌లో లోచో తెలియనివాళ్లు ఉండరు. ఆవిరి మీద ఉడికిన మెత్తటి శనగపిండి ముద్ద, పైన నూనె, కారప్పూస, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిగడ్డ. లోచో మెత్తగా ఉంటుంది కాబట్టి నాలుగు చెంచాలు తినొచ్చనుకున్నాను. ఉల్లిగడ్డ ముక్కలు పక్కకు తీస్తూ తిన్నాను. ఒకటి చెంచాలో ఉండిపోయింది. పంటి కింద పడ్డాక తెలిసింది. ఉమ్మేయవచ్చు. ఉమ్మలేదు. మనసులో లెక్కపెట్టుకుంటూ ముప్పైసార్లు నమిలి మింగాను. తర్వాత ఇంకొకటి కావాలనే తిన్నాను. తర్వాత ఇంకో రెండు.

నాలుగో పీరియడ్ అయిపోయింది. నాకు ఏమీ కాలేదు.

దారి పొడుగునా ఆయనకు ఎలా చెప్పాలో అనుకుంటూ వచ్చాను. కిటికీలోని గడ్డను పళ్లెంలో పెట్టి ఊరికే ఎదురుగా కూర్చుంటే చాలు, అర్థమవుతుంది. అట్లాగే చేద్దామనుకున్నాను. ఇల్లు చేరి కాళ్లు కడుక్కున్నాను. ఆయన వచ్చాడు. సైకిల్ స్టాండ్ వేసిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు. కత్తిపీట ముందు కూర్చుని క్యారెట్ సన్నగా తరుగుతూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఇంకెన్ని దినాలంటది ఆ కాగితమిచ్చిన పిల్ల?"

"ఇంకో నెలన్నర" అన్నాను.

నేను ముందుగా అనుకుని చెప్పిన మాట కాదు. కానీ చెప్పిన వెంటనే ఎందుకు చెప్పానో నాకు తెలిసింది. ఉల్లిగడ్డ వంతు వచ్చిందంటే కాగితం అయిపోయినట్టు. కాగితం అయిపోతే ఆయన రేపటి నుంచి మళ్లీ డబ్బా పట్టుకుపోతాడు. ఎర్రటి ఎండలో సైకిల్ తొక్కుకుంటూ రావాల్సిన పని ఇక ఉండదు. నేను మళ్లీ పళ్లెం ముందు పుస్తకం పెట్టుకోవాలి.

ఒక్క వారం అనుకున్నాను. వారం తర్వాత చెబితే వారం కింద ఎందుకు చెప్పలేదని అడుగుతాడేమో అనిపించింది. అడిగేవాడు కాదు, పెద్దగా నవ్వేవాడు. అది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు కూడా తెలుసేమో. అయిదు వారాలు గడిచాయి. ఆయన ఉల్లిగడ్డ లేకుండా తింటూ పోయాడు, నేను ముప్పై దాకా నములుతూ పోయాను. కిటికీలో గడ్డ మొలకెత్తింది. ఆకుపచ్చ కొమ్ము జానెడు పెరిగింది. ఆయన దాన్ని చూసి, "నీకంటె ఇదే నయం, లేసి నిలబడ్డది" అన్నాడు.

ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు కార్ఖానాలో ఆయనకు గుండె నొప్పి వచ్చింది. సాంచ కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. లేచి కూర్చున్నాడు, నీళ్లడిగాడు. నీళ్లు తెచ్చేలోపు పోయాడు. నాకు స్కూలుకు ఫోన్ వచ్చింది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. పుస్తకాల్లో ఇలాంటి చోట ఏదో ఒక సూచన ఉంటుంది. ఆ రోజు నాకు ఏ సూచనా కనబడలేదు.

మా వదిన, అంటే ఆయన అక్క, ఊరి నుంచి రైలుకు వచ్చింది. ఆయనను పెంచింది ఆమే. మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. మా దిక్కున అది ముఖ్యం. తాపీ నది ఒడ్డుకు వెళ్లే ముందు ఇంట్లోనే అన్నీ సర్దుతున్నారు. మాంసం, జొన్నరొట్టె, పప్పు, ఒక మందు సీసా. ఆయనతో పక్క సాంచల మీద పాతికేళ్లు పనిచేసిన ఒకాయన గుమ్మం దగ్గర నిలబడి అన్నాడు.

"ఉల్లిగడ్డ పెట్టుండ్రి. పాపం, మేం కొరుకుతుంటె వాసన సూసెటోడు. 'ఇంగ దగ్గరికొచ్చింది రా' అనెటోడు."

వదిన చేయి అడ్డం పెట్టింది. మొక్కు సంగతి ఆమెకు ఫోన్లో ఆయనే చెప్పాడట.

"ఎట్ల పెడ్తరు? మొక్కు తీరలే. ఈ పిల్ల తిననిది వానికెట్ల పెడ్తం?"

"ఇప్పుడు మొక్కేంది అక్కా, మనిషే పాయె."

"మనిషి పోతె మొక్కు పోతదా?"

పక్కింటామె నా ముందుకొచ్చి నిలబడింది. "టీచరమ్మతోని తినిపియ్యకుండ్రి. కడుపు కోసిన్రు. టమాటకే ప్రాణం మీదికొచ్చింది. నేను గోడవతల ఉండి విన్న."

నేను లేచి కిటికీలోని గడ్డ తెచ్చాను. మొలక తెంపి ఇచ్చాను. కార్ఖానా ఆయన దాన్ని నేల మీద పెట్టి పిడికిలితో గుద్దాడు. మొలకెత్తిన గడ్డ లోపల మెత్తబడి ఉంటుంది. పగలలేదు, నలిగింది. రెండోసారి గుద్దాడు. నేను అందులోంచి ఒక పొర తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. అందరూ నా వైపు చూస్తున్నారు. ఎవరూ లెక్కపెట్టలేదు. మింగాను.

వదిన నా గదవ పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది. "అరుగుతదా పిల్లా? జర చెప్పు. భయమైతుంది."

"అరుగుతుంది."

"నీకెట్ల తెలుసు?"

"అయిదు వారాల కిందటే తిన్నాను వదినా. ఏం కాలేదు."

ఆమె చేయి నా గదవ మీదే ఉంది.

"వాన్కి చెప్పినవా?"

"చెప్పలేదు."

"ఎందుకు?"

నేను చెప్పాను. మధ్యాహ్నం ఇంటికి రావడం మానేస్తాడని చెప్పాను. అంతమంది ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గనిపించింది, అయినా చెప్పాను. పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కార్ఖానా ఆయన గుమ్మం దిగి బయటకు పోయాడు.

వదిన చేయి తీసేసింది. "ఉల్లిగడ్డ లేంది బువ్వ ముట్టనోడు. అయిదు వారాలు సప్పిడి తిన్నడు నా తమ్ముడు" అంది. తర్వాత చాలాసేపటికి, విస్తరి కడుతూ, నా వైపు చూడకుండా అంది: "నన్నడిగితే నేను చెప్తుంటి గదనే. నువ్వు తిన్నా వస్తుండె వాడు."

అది నన్ను ఓదార్చడానికి అన్నదో, ఇంకా నొప్పించడానికి అన్నదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఒడ్డున విస్తరి పెట్టాం. కాకులు చాలానే వచ్చాయి. మాంసం తీసుకుపోయాయి, రొట్టె తీసుకుపోయాయి. ఉల్లిగడ్డను ముట్టలేదు. కాకులు ఉల్లిగడ్డ తినవని నాకు ముందే తెలుసు. కాబట్టి దానికి నేనేమీ అర్థం చెప్పుకోలేదు.

ఆయనకు తెలిసే ఉంటుందని తర్వాత పక్కింటామె నాతో చాలాసార్లు అంది. తెలిసీ ఊరుకున్నాడంటుంది. ఆమె మంచి మనసుతోనే అంటుంది. నేను నమ్మను. ఆయనకు తెలిస్తే గల్లీ అంతా వినబడేది.

ఏడాది కావస్తోంది. నేను ఇప్పుడు అన్నీ తింటాను. కీర తొక్కతోనే తింటాను. టమాట, ముల్లంగి, క్యాబేజీ అన్నీ పచ్చివి. రెండో అంతస్తుకు ఆగకుండా ఎక్కుతాను. పిల్లలు నన్ను దాటి పరుగెత్తుతున్నారు. డైటీషియన్ పోయిన నెల నా రిపోర్టులు చూసి చాలా సంతోషించింది, కాకా ఎలా ఉన్నారని అడిగింది. చెప్పాను. ఫ్రిజ్ మీది కాగితం తీయలేదు. తీయకూడదని ఏమీ కాదు, జిగురు గట్టిగా పట్టింది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పళ్లెం పెట్టుకుంటాను. పుస్తకం పెట్టుకోను. ఉల్లిగడ్డను కత్తితో సన్నగా తరుగుతాను, లోపలి మొగ్గతో సహా. మా ఇంట్లో ఉల్లిగడ్డను ఇప్పుడు ఎవరూ పిడికిలితో పగలగొట్టరు.